సంక్రాంతికి ఆడేవాళ్లు పెరిగారు, యాడ్ డబ్బు సగానికి పడిపోయింది. క్యాజువల్ గేమ్స్ మార్కెట్ పడిపోతోందా?

గాజువాక కుర్రాడు

నమస్తే అండి. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో గేమ్స్ చేయడం. అలా పోయిన ఏడాది వామనగుంటల గేమ్ ఒకటి చేసి ప్లే స్టోర్‌లో పెట్టాను. పద్నాలుగు గుంటలు, చింతపిక్కలు. అవతల కంప్యూటర్ ఆడుతుంది, కావాలంటే పక్కనున్న మనిషితోనూ ఆడొచ్చు. పిక్కలు గుంటలో పడే చప్పుడు కోసం అమ్మమ్మగారింట్లో ఉన్న పాత చెక్క పీట ముందు ఫోన్ పెట్టి రికార్డు చేశాను. రివ్యూల్లో ఆ చప్పుడునే మెచ్చుకుంటున్నారు, మిగతా గేమ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

వచ్చే డబ్బంతా యాడ్‌లదే. గేమ్‌లో యాడ్‌లు చూపించడానికి గూగుల్ వాళ్ల యాడ్‌మాబ్ వాడుతున్నాను. ఆట అయ్యాక ఫుల్‌స్క్రీన్ యాడ్ ఒకటి, ఓడిపోయేలా ఉంటే ఎత్తు వెనక్కి తీసుకోడానికి రివార్డెడ్ వీడియో. డిసెంబర్‌లో మొదటిసారి ఇంటర్నెట్ బిల్లు, కరెంటు బిల్లు కట్టి ఇంకా మిగిలేంత వచ్చింది. ఇంట్లో గొప్పగా చెప్పాను కూడా. జనవరిలో భోగి నుంచి ముక్కనుమ దాకా ఎప్పుడూ లేనంత మంది ఆడారు. పండక్కి వచ్చినవాళ్లందరం ఒకే ఫోన్‌లో ఆడుకుంటున్నామని రివ్యూలు రాశారు. తీరా నెలాఖరుకి చూస్తే వచ్చింది డిసెంబర్‌లో సగం కూడా లేదు.

అప్పట్నుంచి టెన్షన్. నెట్‌లో రిపోర్టులు చదివితే మొబైల్ గేమ్ డౌన్‌లోడ్లు తగ్గుతున్నాయని, హైపర్ క్యాజువల్ అనే అతి తేలిక ఆటల పని అయిపోయిందని, ఉన్న డబ్బంతా పెద్ద కంపెనీలకే పోతోందని రాశారు. నాన్న స్టీల్ ప్లాంట్ మనిషి. "ఆటలు చాలు, చేసే ఉద్యోగం సరిగ్గా చెయ్" అంటున్నారు.

అడగాలనుకున్నవి రెండు. ఇది మార్కెట్ పడిపోవడమేనా, అయితే ఇది వదిలేసి క్యాండీ క్రష్‌లా మూడేసి కలిపే మ్యాచ్-త్రీ లాంటిది ఏదైనా చేయాలా? రెండోది, సిరిపురంలో ఒక మార్కెటింగ్ ఆయన డబ్బు కడితే వారంలో వేలకొద్దీ ఇన్‌స్టాల్స్ తెప్పిస్తానంటున్నాడు. కట్టొచ్చా?

మధురవాడ పాతకాపు

తమ్ముడూ, ముందు నీ జనవరి సంగతి తేల్చుకుందాం. మార్కెట్ తర్వాత. ఎందుకంటే నీ జనవరికి మార్కెట్ పడిపోవడంతో సంబంధం లేదు.

నేను బెంగళూరులో గేమ్ కంపెనీల్లో మానిటైజేషన్ చూసేవాణ్ని. ఇప్పుడు మధురవాడలో ఇంట్లో కూర్చుని బయటి దేశాల వాళ్లకి అదే పని చేస్తున్నాను. ప్రతి జనవరిలో ఎవరో ఒకరు సరిగ్గా నీలాగే కంగారుగా ఫోన్ చేస్తారు. అందరికీ ఒకటే మాట చెబుతాను: యాడ్‌మాబ్ తెరిచి ఇంప్రెషన్లు, అంటే యాడ్‌లు ఎన్నిసార్లు కనబడ్డాయో అది, ఒక పక్కన, ఈసీపీఎం ఒక పక్కన పెట్టి చూడు. ఈసీపీఎం అంటే వెయ్యి యాడ్‌లు చూపిస్తే నీకు వచ్చిన డబ్బు. ఇంప్రెషన్లు పెరిగి ఈసీపీఎం కుప్పకూలి ఉంటుంది. ఉంటుంది అని ఎందుకంటున్నానో వివరిస్తాను.

ఆ ధరని ఏ ఒక్కరూ నిర్ణయించరు. నీ గేమ్‌లో యాడ్ కనబడే ప్రతిసారీ వెనక ఒక వేలం నడుస్తుంది. ఎక్కువ పాడినవాడి యాడ్ వస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పాటగాళ్లు కిక్కిరిసి ఉంటారు. మన దగ్గర దసరా, దీపావళి సేల్స్, అమెరికాలో బ్లాక్ ఫ్రైడే, క్రిస్మస్. ఏడాది బడ్జెట్‌లో మిగిలింది డిసెంబర్‌లోగా ఖర్చుపెట్టేయాలన్న తొందర పైన ఇంకొకటి. జనవరి 1 రాగానే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొత్త ఏడాదికి ఎంత ఖర్చు పెట్టాలో ఆఫీసుల్లో తేలేదాకా వేలంలో సందడి ఉండదు. అది నీకొక్కడికే కాదు, వందల కోట్ల డౌన్‌లోడ్లున్న సబ్‌వే సర్ఫర్స్‌కి అయినా యాడ్‌ల వరకూ జనవరి జనవరే.

నీ విషయంలో ఇంకో మెలిక ఉందని నా అనుమానం. దేశాల వారీగా విడగొట్టి చూడు. క్రిస్మస్ సెలవుల్లో అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు ఆడి ఉంటారు. వాళ్లు చూసిన ఒక యాడ్‌కి వచ్చే డబ్బు ఇక్కడ చూసిన యాడ్‌కి వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. సంక్రాంతికి పెరిగినవాళ్లంతా ఇక్కడివాళ్లు. అంటే తల ఒక్కింటికి తక్కువ ధర పలికే జనం పెరిగిన నెలలోనే, ఎక్కువ పలికే జనం సెలవులు అయిపోయి పనుల్లో పడ్డారు. మొత్తం సంఖ్య పెరిగి డబ్బు తగ్గడానికి అది చాలు.

ఇక ఆ రిపోర్టులు. అవి అబద్ధమని అనను. కానీ వాటిని చూసి నీ గేమ్ గతి తేల్చుకోవడం, పోర్టుకి ఎన్ని ఓడలొచ్చాయో చూసి జాలరిపేటలో చేప ధర చెప్పినట్టు ఉంటుంది. ఆ గ్రాఫుల్లో 2020 ఒక కొండలా లేచి ఉంటుంది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్న ప్రపంచమంతా ఫోన్ పట్టుకుంది. తర్వాత ఏ ఏడాదిని దానితో పోల్చినా పతనంలాగే కనిపిస్తుంది. రిపోర్టు రాసినవాళ్లకి ఆ సంగతి తెలుసు, హెడ్డింగ్ పెట్టేవాళ్లకే పట్టదు.

నిజంగా దెబ్బతిన్నది హైపర్ క్యాజువల్. దానికి కారణం జనానికి మొహం మొత్తడం కాదు, లెక్క తప్పడం. 2017, 18ల్లో ప్యారిస్‌కి చెందిన వూడూ లాంటి కంపెనీలు ఏం చేసేవంటే, హెలిక్స్ జంప్ లాంటి చిన్న ఆటని యాడ్ ద్వారా చాలా చవగ్గా జనానికి ఎక్కించేవి. ఆడేవాడు నాలుగు రోజుల్లో తీసేస్తాడు, ఫరవాలేదు. ఆ నాలుగు రోజుల్లో వాడు చూసిన యాడ్‌ల డబ్బు వాణ్ని తెచ్చిన ఖర్చు కంటే కాస్త ఎక్కువైతే చాలు. ఆ కాస్తని కోట్లతో హెచ్చవేసేవారు. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఐఓఎస్ 14.5 తెచ్చింది. ట్రాక్ చేయాలనుకునే ప్రతి యాప్ "మిమ్మల్ని ట్రాక్ చేయొచ్చా" అని అడిగి తీరాలంది. అడిగితే ఎవరు ఒప్పుకుంటారు? ఎవరు డబ్బు తెచ్చిపెట్టే ఆటగాడో పట్టుకోవడం కష్టమైంది, ఒక్కొక్కణ్ని తేవడానికి ఖర్చు పెరిగింది, ఆ "కాస్త" మాయమైంది. తర్వాత ఆ కంపెనీలే హైబ్రిడ్ క్యాజువల్ అంటూ, అదే చిన్న ఆటకి అప్‌గ్రేడ్లు, షాపు తగిలించి మనిషిని నెలల తరబడి నిలబెట్టుకునే పనిలో పడ్డాయి.

మ్యాచ్-త్రీ అన్నావు. దండం పెడతాను, ఆ జోలికి వెళ్లకు. క్యాండీ క్రష్ సాగా మొబైల్లోకి వచ్చింది 2012లో. ఇప్పటికీ పైవరసలోనే ఉంది. దాన్ని చేసిన కింగ్ కంపెనీని యాక్టివిజన్ బ్లిజార్డ్ 590 కోట్ల డాలర్లకి కొంది, 2023లో ఆ యాక్టివిజన్‌నే మైక్రోసాఫ్ట్ కొనేసింది. దానికి పోటీగా నిలబడగలిగింది ఇస్తాంబుల్ వాళ్ల రాయల్ మ్యాచ్. 2023లో నెలవారీ ఆదాయంలో క్యాండీ క్రష్‌ని దాటింది కూడా. ఆ యాడ్‌లు ఎన్నిసార్లు చూశావో నువ్వే గుర్తుచేసుకో, ఆ రాజుగారు నీళ్లలో మునిగిపోతూ ఉంటాడు. అదే ఏడాది వచ్చిన మోనోపలీ గో మార్కెటింగ్‌కే 50 కోట్ల డాలర్లకి దగ్గరగా ఖర్చు పెట్టింది. అక్కడ ఆట బాగుండడం ప్రవేశ రుసుం మాత్రమే. అసలు పోటీ, ఒక ఆటగాడి కోసం ఎవరు ఎక్కువ పెట్టగలరన్నది.

నీ గేమ్‌కున్న బలం నువ్వు చూడలేదు. వామనగుంటలు ఒక్క మన ఆట కాదు. బయట దీన్ని మంకాలా అంటారు. ఫిలిప్పీన్స్‌లో సుంకా, ఇండోనేషియాలో చొంక్లాక్, ఘనాలో ఒవారే. అమెరికాలో పిల్లలు ఐఫోన్ మెసేజ్‌లలో గేమ్ పిజన్ యాప్‌తో మంకాలా ఆడుతూనే ఉంటారు. నీ స్టోర్ పేజీలో మంకాలా అన్న మాట ఎక్కడా లేదు, ఇప్పుడే చూశాను. వెతికేవాడికి నువ్వు ఎలా కనబడతావు? డెవలపర్లు వాడే ప్లే కన్సోల్‌లో దేశాన్ని బట్టి వేరే పేరు, వేరే బొమ్మలు చూపించే సౌకర్యం ఉంది. వాడుకో. అమెరికావాళ్లు ఆడేది వరసకి ఆరు గుంటలు, చివర్న చెరో పెద్ద గుంట ఉండే పద్ధతి. ఆ రూల్స్ కూడా పెట్టు. పిక్కల చప్పుడు మాత్రం మార్చకు.

సిరిపురం ఆయనకి ఒక్క రూపాయి కట్టొద్దు. వారంలో వేల ఇన్‌స్టాల్స్ అంటే మనుషుల్లా నటించే బాట్ ప్రోగ్రాములు, లేదా ఐదు రూపాయల ఆశకి వేసుకుని తీసేసేవాళ్లు. వాళ్లు రెండో రోజు ఉండరు. నీ రిటెన్షన్, అంటే మళ్లీ వచ్చేవాళ్ల శాతం, పాతాళానికి పోతుంది, గూగుల్ నిన్ను ఇంకా తక్కువమందికి చూపిస్తుంది. ఇంతా చేసి నకిలీ ఇన్‌స్టాల్స్ అని గూగుల్ కనిపెడితే గేమ్‌నే తీసేయొచ్చు.

నీ డే వన్, డే సెవెన్ ఎంతో చెప్పు, అంటే వేసుకున్నవాళ్లలో మర్నాడు ఎంత శాతం, ఏడో రోజు ఎంత శాతం మళ్లీ వచ్చారో.

డాబాగార్డెన్స్ బావ

గూగుల్ వాడే 1500 కోట్ల డాలర్లతో మన విశాఖ వస్తున్నాడు, నువ్వేంటి గురూ చింతపిక్కలు లెక్కపెడుతున్నావ్? మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు.

మధురవాడ పాతకాపు

బావగారూ, వచ్చేది డేటా సెంటర్. కుర్రాడికి తెలిసింది యూనిటీ. పైగా అతనికి ఉద్యోగం ఉంది, పైన చదవండి.

ఎంవీపీ అక్క

నాకు ఈసీపీఎంలు తెలీవు, నేను ఆడేదాన్ని. పొద్దున బస్సులో ఎన్ఏడీ దాకా వెళ్లాలి, ఆ టైమంతా గేమ్సే. ఇంతవరకు ఒక్క గేమ్‌కీ డబ్బు కట్టలేదు. లైఫ్ ఇస్తానంటే యాడ్ మాత్రం పూర్తిగా చూస్తాను. నాలాంటివాళ్ల వల్ల మీకు లాభమో నష్టమో మీరే చెప్పాలి.

బాబూ, ఈ పోస్టు చూసి నీ గేమ్ వేసుకున్నాను. మా అత్తగారికి కూడా ఇచ్చాను, ఆవిడది శ్రీకాకుళం వైపు, చిన్నప్పుడు అరుగు మీద ఆడేవారట. పిక్కల చప్పుడు వినగానే మొహం వెలిగిపోయింది. కానీ ఒకటి చెబుతాను, ఏమనుకోకు. ఆఖరి పిక్కలు పడ్డాయి, ఎవరు గెలిచారో లెక్కపెట్టుకునేలోపే టక్కున యాడ్ వచ్చి మీద పడింది. ఆవిడ గెలిచారు, ఆ సంగతి ఆవిడకి తెలిసింది యాడ్ అయ్యాక. అదీ ఆ చిన్న ఇంటూ గుర్తు మీద వేలు సరిగ్గా పడక ప్లే స్టోర్ తెరుచుకుంది. వెనక్కి ఎలా రావాలో తెలీక ఫోన్ నా చేతికి ఇచ్చేశారు. మళ్లీ అడగలేదు.

ఇంకోటి, రెండు నిమిషాల ఆటకి అర నిమిషం యాడ్ ఎక్కువ. వీడియో చూస్తే ఎత్తు వెనక్కి ఇస్తానన్నది మాత్రం నాకు నచ్చింది, అది మనం అడిగితేనే వస్తుంది కాబట్టి.

గాజువాక కుర్రాడు

అక్కా, చాలా థాంక్స్. అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఫలితం చూపించే స్క్రీన్ కంటే ముందు యాడ్ పెడితే ఎక్కువమంది చూస్తారని ఎక్కడో చదివి అలా పెట్టాను.

పాతకాపు అన్నా, మీరన్నట్టే ఉంది. ఇంప్రెషన్లు పెరిగాయి, ఈసీపీఎం బాగా పడింది. డిసెంబర్ డబ్బులో సగానికి దగ్గరగా అమెరికా నుంచే వచ్చింది, ఆడింది మాత్రం పట్టుమని కొద్దిమందే. డే వన్ ముప్పై శాతం చుట్టూ ఉంది. డే సెవెన్ ఐదు లోపు.

సీతమ్మధార డెవ్

పాతకాపు గారు చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను గానీ, ఇండియా నుంచి డబ్బు రాదన్నట్టు మాట్లాడితే నాకు నచ్చదు. లూడో కింగ్ ముంబై వాళ్లది. 2016లో వచ్చింది, 2020 లాక్‌డౌన్‌లో ఎక్కడికో వెళ్లిపోయింది. పచ్చీసు నుంచి పుట్టిన ఆటే కదా అది. వామనగుంటలకి ఆ యోగం ఎందుకు పట్టకూడదు? 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డౌన్‌లోడ్లలో మన దేశం ప్రపంచంలోనే ముందుకి వెళ్లింది. జనం ఇక్కడే ఉన్నారు.

పైగా తమ్ముడికి ఒక మాట. మొదటి పది లక్షల డాలర్ల దాకా ప్లే స్టోర్ కమీషన్ 15 శాతమే. చిన్న ధర పెట్టి "యాడ్‌లు వద్దు" కొనుక్కునే వీలు ఇవ్వు. యూపీఐతో కట్టొచ్చు కాబట్టి ఇప్పుడు మనవాళ్లు కూడా కొంటున్నారు. నా గేమ్‌లో కొన్నారు.

మధురవాడ పాతకాపు

సీతమ్మధార వారూ, "యాడ్‌లు వద్దు" బటన్ మంచి మాట, నేను మరిచాను. దేశాన్ని బట్టి ధర వేరుగా పెట్టుకోవాలి, అమెరికా ధరని రూపాయల్లోకి మార్చి వదిలేస్తే ఇక్కడ ఎవరూ ముట్టుకోరు.

లూడో కింగ్ గురించి మాత్రం ఒక మాట. లాక్‌డౌన్ వచ్చేనాటికి అది నాలుగేళ్లుగా జనం ఫోన్లలో ఉంది. దూరంగా ఉన్న స్నేహితులు ఒక గదిలో చేరి ఆడే ఏర్పాటు ఉంది. అదృష్టం వచ్చిన రోజుకి తలుపు తెరిచి ఉంది. అమాంగ్ అస్ కథ కూడా అదే, 2018లో వచ్చి రెండేళ్లు ఎవరికీ పట్టలేదు, 2020లో ప్రపంచమంతా ఆడింది. ఇవి మార్కెట్ ట్రెండ్ పట్టుకుని చేసినవి కావు, ట్రెండ్ వచ్చేదాకా బతికి ఉన్నవి. ఈ కుర్రాడి గేమ్‌లో దూరంగా ఉన్నవాళ్లతో ఆడే వీలు లేదు. హైదరాబాద్ మనవరాలు, గాజువాక అమ్మమ్మ ఆడుకునేలా చేస్తే ఇండియా గురించి మీతో వాదించను.

ఇక్కడి ఈసీపీఎం గురించి ఇంకో సంగతి. రమ్మీ, ఫాంటసీ లాంటి డబ్బు ఆటల కంపెనీలు మన దేశంలో యాడ్‌ల వేలంలో పెద్ద పాటగాళ్లుగా ఉండేవి. మన రాష్ట్రంలో ఆ ఆటలపై 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి దేశమంతా ఆపేసింది. ఇండియన్ టీమ్ జెర్సీ మీద డ్రీమ్ 11 పేరు పోయింది అందుకే. జనానికి మంచిదే జరిగింది, నేనైతే సంతోషించాను. కానీ యాడ్‌ల మీద బతికేవాడు, ఇక్కడి వేలంలో గట్టిగా పాడేవాడు ఒకడు తగ్గాడని లెక్కలో వేసుకోవాలి.

తమ్ముడూ, నీ అంకెలు చూశాను. డే వన్ ముప్పై అంటే తిట్టుకోనక్కర్లేదు. క్యాజువల్ గేమ్స్‌లో పాతకాలం నుంచి 40-20-10 అనే కొలత ఒకటి ఉంది, మొదటి రోజు, ఏడో రోజు, ముప్పయ్యో రోజు. అందరికీ అందేది కాదు, కానీ నీ జబ్బు ఎక్కడుందో అది చెబుతుంది. జనం వస్తున్నారు, మర్నాడు కూడా వస్తున్నారు, వారానికి మాయమవుతున్నారు. అంటే ఆట నచ్చింది, మళ్లీ రావడానికి పని లేదు. దానికి తోడు ఎంవీపీ అక్కగారి అత్తగారు. అక్కగారు చెప్పిన రెండు ముక్కలు నాలాంటి కన్సల్టెంట్ డబ్బు తీసుకుని చెప్పేవి. గెలిచినవాడికి గెలుపు చూడనివ్వు, ఆ తర్వాత యాడ్ వెయ్యి. అది కూడా ప్రతి ఆటకీ వద్దు, మూడు ఆటలకి ఒకటి. అక్కగారూ, మీలాంటివాళ్ల వల్ల లాభమే. అడిగి చూసే రివార్డెడ్ వీడియోకి మామూలు యాడ్ కన్నా ఎక్కువ ధర పలుకుతుంది, మీకూ కోపం రాదు.

గాజువాక కుర్రాడు

సరే అన్నా. యాడ్ ఫలితం తర్వాతకి మార్చేశాను, రేపు అప్‌డేట్ పంపుతాను. అమెరికా, ఫిలిప్పీన్స్‌కి మంకాలా, సుంకా పేర్లతో వేరే పేజీలు పెడుతున్నాను. ఆరు గుంటల రూల్స్‌కి టైమ్ పడుతుంది. దూరంగా ఉన్నవాళ్లతో ఆడేదానికి సర్వర్ ఖర్చు ఎంతవుతుందో చూడాలి. సిరిపురం ఆయనకి వద్దని చెప్పాను, సగం ధరకి చేస్తానన్నాడు.

ఇవన్నీ పనిచేశాయో లేదో మార్చి డబ్బు చూసి ఇక్కడ చెబుతాను.

మధురవాడ పాతకాపు

మార్చి డబ్బు చూడకు. మార్చిలో క్వార్టర్ ముగుస్తుంది, వేలం మళ్లీ వేడెక్కుతుంది, నువ్వేమీ చేయకపోయినా జనవరి కంటే ఎక్కువ వస్తుంది. పేజీలో బొమ్మలు, వివరణ మార్చిన సంగతికి కన్సోల్‌లో స్టోర్ లిస్టింగ్ ప్రయోగం పెట్టు. సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్త పేజీ చూపించి ఎవరు ఎక్కువ ఇన్‌స్టాల్ చేశారో అదే చెబుతుంది. యాడ్ మార్పుకి డే సెవెన్ చూడు, అప్‌డేట్ తర్వాత కొత్తగా వచ్చినవాళ్లది మాత్రమే, పాతవాళ్లని కలపకు. సర్వర్‌కి డబ్బు పెట్టేముందు ఎలా కట్టాలనుకుంటున్నావో ఇక్కడ రాయి. క్షణక్షణం సర్వర్‌తో మాట్లాడుతూ కూర్చునే అవసరం లేని ఆట ఇది, చవగ్గా అయిపోతుంది.